పసుపు మంచిదే, మరి ఒంటికి ఎందుకు అందదు?

రోగిని చూడడానికి వచ్చే బంధువుల చేతిసంచిలో పండ్లు, ఫ్లాస్కు, దుప్పటితో పాటు ఈమధ్య మరొక వస్తువు కూడా కనిపిస్తున్నది. అది పసుపు సారంతో తయారుచేసిన క్యాప్సూళ్ల డబ్బా. "ఇది మొక్క నుంచి వచ్చిన మందే కదా, అమ్మకు ఇవ్వొచ్చా?" అని కొందరు అడుగుతారు. కొందరు అడగకుండానే ఇస్తారు. ఇంకొందరు డాక్టరు గారు రాసిన మాత్రలు ఆపేసి ఇవే ఇస్తారు.

ఈ ప్రశ్నకు "ఇవ్వండి" అనో "వద్దు" అనో ఒక్క మాటలో చెబితే సరిపోదు. మొక్కలోని మందు మన రక్తంలోకి ఎలా చేరుతుంది, ఎందుకు చేరదు అన్నది తెలిస్తే, ఏది ఇవ్వాలో ఏది అడిగి ఇవ్వాలో మీకే అర్థమవుతుంది. ఈ విషయం మీద మన రంగారెడ్డి జిల్లాలోనే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చెప్పుకోదగిన పరిశోధన జరిగింది. దానిని సులభమైన మాటల్లో తెలుసుకుందాం.

మందు పనిచేయాలంటే ముందు కరగాలి

నోటి ద్వారా వేసుకున్న ఏ మాత్ర అయినా పొట్టలోని, పేగులలోని నీటిలో కరగాలి. కరిగిన మందే పేగు గోడను దాటి రక్తంలోకి వెళుతుంది. కరగనిది వచ్చిన దారినే మలంతో పాటు బయటికి పోతుంది. అంటే మాత్రలో ఎంత మందు ఉన్నదన్నది ఒక్కటే ముఖ్యం కాదు. అందులో ఎంత కరిగింది అన్నది కూడా అంతే ముఖ్యం.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసి చూడండి. ఒక గ్లాసు నీటిలో చెంచాడు చక్కెర, మరో గ్లాసు నీటిలో చెంచాడు పసుపు వేసి కలపండి. చక్కెర కనిపించకుండా కరిగిపోతుంది. పసుపు నీటికి రంగు ఇచ్చినట్లే కనిపిస్తుంది గాని, కాసేపు కదపకుండా ఉంచితే గ్లాసు అడుగున పేరుకుంటుంది. అదే పసుపును వేడి నూనెలో వేస్తే నూనెంతా పచ్చబడుతుంది. పోపులో పసుపు వేసే అలవాటు మన వంటింట్లో ఎందుకు నిలిచిందో దీనివల్ల కొంత తెలుస్తుంది.

పసుపుకు రంగునిచ్చే ముఖ్యమైన పదార్థం పేరు కర్క్యుమిన్. దీనిని పసుపు నుంచి మొదటిసారిగా వేరుచేసింది 1815లో. దాని నిర్మాణం తెలిసింది 1910లో. మనం వాడే పసుపు పొడిలో ఇది బరువులో సుమారు 3 శాతం ఉంటుంది. కొన్ని రకాలలో కొంచెం తక్కువగా, కొన్నింటిలో కొంచెం ఎక్కువగా ఉంటుంది. ప్రయోగశాలలో, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద కర్క్యుమిన్ వాపును తగ్గించడం వంటి అనేక మంచి ఫలితాలు చూపింది. మనిషికి మింగించినప్పుడు మాత్రం రక్తంలో దాని జాడ చాలా కొద్దిగానే కనిపిస్తుంది. దీనికి ఒక కారణం, అది నీటిలో దాదాపు కరగకపోవడం. అది ఎందుకు కరగదో తెలియాలంటే అణువుల మధ్య ఉండే స్నేహాన్ని గురించి తెలుసుకోవాలి.

హైడ్రోజన్ బంధం అంటే ఏమిటి?

ప్రతి పదార్థం కంటికి కనిపించనంత చిన్న అణువులతో తయారై ఉంటుంది. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయని పిల్లల పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే ఉంటారు. ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌ను పక్కనున్న నీటి అణువులోని ఆక్సిజన్ తనవైపు లాగుతుంది. ఈ మెత్తని పట్టునే హైడ్రోజన్ బంధం అంటారు. అణువు లోపల పరమాణువులను కలిపి ఉంచే గట్టి బంధంతో పోలిస్తే దీని బలం సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. అయినా ఇలాంటి పట్లు కోట్లకొద్దీ ఉంటాయి కాబట్టి వాటి ప్రభావం చాలా పెద్దది. నీరు ఆవిరిగా మారకుండా నీరుగా ఉండడానికి కారణం ఇవే.

దీనిని ఇలా ఊహించుకోండి. హైడ్రోజన్ అంటే చాచిన చెయ్యి. ఆక్సిజన్ అంటే చెయ్యి వేయడానికి అనువైన భుజం. ఒకరు చెయ్యి చాస్తే, మరొకరు భుజం ఇస్తారు. చక్కెర అణువుకు ఇలాంటి చేతులు, భుజాలు చాలా ఉంటాయి. నీటి అణువులు వాటిని సులభంగా అందుకుంటాయి. అందుకే చక్కెర నీటిలో అంత తేలికగా కరుగుతుంది.

అణువులు ఒక క్రమంలో వరుసగా పేరుకుంటే దానిని స్ఫటికం అంటారు. ఉప్పు కల్లు, పటికబెల్లం ముక్క మనకు తెలిసిన స్ఫటికాలు. మాత్రల్లో ఉండే మందు పొడి కూడా చాలావరకు సన్నని స్ఫటికాల రూపంలోనే ఉంటుంది. స్ఫటికంలో అణువులు ఒకదానినొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే, నీరు వాటిని విడదీయడం అంత కష్టం.

కర్క్యుమిన్: చేతులు కట్టుకున్న అణువు

కర్క్యుమిన్ అణువు పొడవుగా ఉంటుంది. రెండు చివర్లా రెండు వలయాలు, వాటిని కలుపుతూ మధ్యలో ఏడు కార్బన్ పరమాణువుల గొలుసు ఉంటాయి. ఒక్కొక్క వలయం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన చిన్న గుంపు ఒకటి ఉంటుంది. ఇవి రెండూ బయటికి చాచిన చేతులు. గొలుసు మధ్యలో దగ్గరదగ్గరగా రెండు ఆక్సిజన్ పరమాణువులు, వాటి నడుమ ఒక హైడ్రోజన్ ఉంటాయి. అసలు సంగతి ఇక్కడే ఉన్నది.

మధ్యలో ఉన్న ఈ హైడ్రోజన్ బయటి అణువుల వైపు చెయ్యి చాచదు. తన అణువులోనే పక్కనున్న ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటుంది. ఒక మనిషి తన చేతులు తానే కట్టుకుని నిలబడినట్లన్నమాట. ఇలా అణువు లోపలే ఏర్పడే హైడ్రోజన్ బంధం వల్ల అక్కడ ఆరు పరమాణువులతో ఒక చిన్న వలయం ఏర్పడుతుంది.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్గరెట్ ఎట్టర్ అనే శాస్త్రవేత్త, ఎన్నో స్ఫటికాలను పరిశీలించి 1990 ప్రాంతంలో కొన్ని నియమాలు చెప్పారు. ఆరు పరమాణువుల వలయం ఏర్పడే వీలున్నచోట అణువు ముందుగా తన లోపలి బంధాన్నే ఏర్పరచుకుంటుంది. ఆ తరువాత మిగిలిన చేతులు, భుజాలు మాత్రమే బయటివారికి అందుబాటులో ఉంటాయి. కర్క్యుమిన్ విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. ముఖ్యమైన ఒక చెయ్యి లోపలే చిక్కుకుపోయింది. పైగా అణువులో ఎక్కువ భాగం నూనెకు స్నేహితమైనదే గాని నీటికి కాదు. నీరు పట్టుకోవడానికి దొరికేది చాలా తక్కువ. అందుకే అది గ్లాసు అడుగున మిగిలిపోతుంది.

ఈ హైడ్రోజన్‌లు నిజంగానే ఉన్నాయా అన్న అనుమానం వస్తే, మన ఇళ్లలోనే ఒక గుర్తు ఉన్నది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి వస్తుంది. పసుపు మరక పడిన బట్టకు సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుంది. సున్నం, సబ్బు వంటి క్షార పదార్థాలు కర్క్యుమిన్ ఆక్సిజన్‌ల దగ్గరున్న హైడ్రోజన్‌ను లాక్కుంటాయి. హైడ్రోజన్ పోగానే అణువు రంగు మారిపోతుంది. పెళ్లికూతురి పాదాల మీద కనిపించే ఎరుపు వెనుక ఉన్నది ఈ మార్పే.

జంట స్ఫటికం: మన జిల్లాలో జరిగిన పని

కరగని మందును కరిగించడానికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయాల్లో ఒకటి కో-క్రిస్టల్. దీనిని మనం జంట స్ఫటికం అని చెప్పుకుందాం. మందు అణువును ఏమాత్రం మార్చకుండా, దాని పక్కన మరొక పదార్థపు అణువును వరుసగా కూర్చోబెట్టి, రెండింటితో కలిపి ఒకే స్ఫటికాన్ని తయారుచేస్తారు. ఆ రెండింటినీ కలిపి ఉంచేది చాలాసార్లు హైడ్రోజన్ బంధమే. తోడు వచ్చిన అణువు నీటిలో తేలికగా కరిగేదైతే, స్ఫటికం త్వరగా విడిపోయి మందు కూడా త్వరగా కరుగుతుంది.

ఇలాంటి పనికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రపంచంలోనే పేరున్న చోటు. అక్కడ చాలా ఏళ్లు పనిచేసిన గౌతమ్ దేశిరాజు గారు స్ఫటికాలను మనకు కావలసినట్లు కట్టే విద్య మీద 1989లోనే ఒక పుస్తకం వెలువరించారు. అదే విశ్వవిద్యాలయంలో అశ్విని నాంగియా గారి బృందం కర్క్యుమిన్‌ను తీసుకుని, 2011లో దానికి రెండు జంట స్ఫటికాలను తయారుచేసినట్లు ప్రకటించింది. ఒకదానిలో తోడు అణువు రిసార్సినాల్, రెండవదానిలో పైరోగాలాల్.

వీటినే ఎందుకు ఎంచుకున్నారు? చేతులు కట్టుకున్న మనిషితో కరచాలనం చేయలేము. కాని అతని భుజం మీద మనం చెయ్యి వేయవచ్చు కదా. కర్క్యుమిన్ మధ్యలో ఉన్న ఆక్సిజన్ లోపలి హైడ్రోజన్‌ను పట్టుకుని ఉన్నప్పటికీ, బయటి నుంచి వచ్చే మరో హైడ్రోజన్‌కు కూడా చోటివ్వగలదు. కాబట్టి తోడుగా వచ్చే అణువుకు చాచే చేతులు ఎక్కువగా ఉండాలి. రిసార్సినాల్‌కు అలాంటివి రెండు, పైరోగాలాల్‌కు మూడు ఉన్నాయి. అవి కర్క్యుమిన్ ఆక్సిజన్ మీద చెయ్యి వేసి జంట కట్టాయి.

తయారుచేసిన పద్ధతి కూడా మనకు కొత్తది కాదు. రెండు పొడులనూ కలిపి, కొద్ది చుక్కల ద్రవం చేర్చి నూరడమే. వైద్యులు కల్వంలో మందు నూరినట్లే. గాజు పాత్రలో కరిగించి ఆరబెడితే విడివిడిగా ఉండిపోయే అణువులు కూడా, ఇలా నూరినప్పుడు ఒక్కోసారి జంట కడతాయి.

ఫలితం ఏమిటంటే, నీటిలో 40 శాతం ఆల్కహాలు కలిపిన ద్రవంలో పరీక్షించినప్పుడు, మామూలు కర్క్యుమిన్ కంటే రిసార్సినాల్ జంట సుమారు 5 రెట్లు, పైరోగాలాల్ జంట సుమారు 12 రెట్లు వేగంగా కరిగాయి. కర్క్యుమిన్ అణువు అదే. మారింది దాని పొరుగువారు మాత్రమే.

అన్ని మొక్కల మందులూ ఒక్కటి కావు

మొక్కల నుంచి వచ్చే మందులన్నీ ఒకే తీరుగా ఉంటాయని అనుకోకూడదు. మరో రెండు ఉదాహరణలు చూడండి.

మలేరియాకు వాడే మందులకు మూలమైన ఆర్టెమిసినిన్ ఒక రకం మాచిపత్రి జాతి మొక్క నుంచి వచ్చింది. దానిని కనుగొన్నందుకు చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఈ అణువుకు భుజాలు ఉన్నాయి గాని చాచడానికి ఒక్క చెయ్యి కూడా లేదు. 2010లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు దీనికి 75 రకాల తోడు పదార్థాలను వరుసగా పరీక్షిస్తే, జంట కట్టినవి రెండే రెండు.

ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ సంగతి దీనికి విరుద్ధం. దానికి అయిదు చేతులు ఉన్నాయి. అందులో ఒకటి కర్క్యుమిన్‌లాగే లోపలి ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటుంది. మిగిలిన నాలుగూ బయటివారికి అందుతాయి. 2011లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో క్వెర్సెటిన్‌కు కెఫీన్ వంటి పదార్థాలతో జంట స్ఫటికాలు కట్టి ఎలుకలకు ఇచ్చినప్పుడు, రక్తంలోకి చేరిన మోతాదు దాదాపు 10 రెట్ల వరకు పెరిగింది.

కాబట్టి అణువు లోపల హైడ్రోజన్ ఎవరిని పట్టుకుని ఉన్నదన్న దానిమీద, బయట దానికి జంట దొరకడం ఆధారపడి ఉంటుంది. జంట దొరకడం మీద కరగడం, కరగడం మీద మందు పనిచేయడం ఆధారపడి ఉంటాయి. "మొక్క మందు" అన్న పేరు ఒక్కటే అయినా ఒక్కొక్కదాని గుణం వేరు.

ఆస్పత్రి మాత్రల్లోనూ ఇదే సూత్రం

ఇది పసుపుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. హెచ్.ఐ.వి. రోగులకు ఇచ్చే రిటోనావిర్ అనే మందు 1996లో వచ్చింది. 1998లో తయారైన క్యాప్సూళ్లు ఉన్నట్టుండి కరుగుదల పరీక్షలో తప్పాయి. విచారించగా, మందు అణువులు ఒకదానినొకటి పట్టుకునే తీరు మారి, ఇంకా గట్టి స్ఫటికం ఏర్పడిందని తేలింది. అణువు అదే, మోతాదు అదే, అయినా అది సరిగా కరగలేదు. ఆ క్యాప్సూళ్లను మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకుని, మందును మరో రూపంలో తయారుచేయవలసి వచ్చింది. అప్పటివరకు రోగులు ద్రవ రూపంలోని మందుతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

మంచి ఉదాహరణ కూడా ఉన్నది. గుండె బలహీనమైన రోగులకు ఇచ్చే సాక్యుబిట్రిల్, వాల్సార్టాన్ అనే రెండు మందులను ఒకే స్ఫటికంలో కూర్చిన మాత్రకు 2015లో అమెరికాలో అనుమతి లభించింది.

మాత్రను తయారుచేసేవారు దాని స్ఫటికం విషయంలో ఎంత జాగ్రత్త తీసుకుంటారో దీనినిబట్టి గ్రహించవచ్చు. అందుకే మాత్రలను పట్టీ నుంచి ముందుగానే విప్పి డబ్బాలో పోసి ఉంచడం, పొయ్యి పక్కన గాని స్నానాల గదిలో గాని పెట్టడం, చెప్పకుండా పొడిచేసి పాలలో కలిపి ఇవ్వడం మంచిది కాదు. వేడి, తేమ చాలా మందుల రూపాన్ని మార్చగలవు.

మరి జంట స్ఫటికం పసుపు మాత్ర ఎందుకు రాలేదు?

ఇంత వేగంగా కరిగితే వెంటనే మాత్రగా అమ్మవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. దానికి మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది, తోడుగా వచ్చిన పదార్థం. పైరోగాలాల్ విషపదార్థం. రిసార్సినాల్‌ను చర్మం మీద పూసే మందులలో వాడతారు గాని, మింగడానికి పనికిరాదు. కర్క్యుమిన్ జంట ఎలా కడుతుందో తెలుసుకోవడానికి అవి ఉపయోగపడ్డాయి. మందుగా ఇవ్వాలంటే తినడానికి సురక్షితమైన తోడు కావాలి.

రెండవది, త్వరగా కరిగిన మందు కొద్దిసేపట్లో మళ్లీ పేరుకుని అడుగుకు చేరవచ్చు. గాజు పాత్రలో కరగడం వేరు, పేగులో కరిగి నిలవడం వేరు.

మూడవది మన శరీరమే. కర్క్యుమిన్ పేగు గోడను దాటేలోపే పేగు, ఆ తరువాత కాలేయం దానిని వేగంగా మార్చి బయటికి పంపివేస్తాయి. కరగడం అన్నది మొదటి తలుపు మాత్రమే. దాని వెనుక ఇంకో తలుపు ఉన్నది.

మిరియాల దారి, అందులోని ప్రమాదం

ఆ రెండవ తలుపు గురించి తెలుసుకోవడం కుటుంబసభ్యులకు చాలా అవసరం. 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు. పైపరిన్ అంటే మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం. అప్పుడు రక్తంలో చేరిన కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. అప్పటినుంచి చాలా కంపెనీలు పసుపు క్యాప్సూళ్లలో మిరియాల సారాన్ని కూడా కలుపుతున్నాయి.

ఇక్కడ జరిగేది కరుగుదల పెరగడం కాదు. మందులను మార్చి బయటికి పంపే పేగు, కాలేయాల పనిని పైపరిన్ మందగింపజేస్తుంది. ఆ పని కర్క్యుమిన్ ఒక్కదానికే మందగించదు. రోగి వేసుకునే వేరే మందులకు కూడా మందగించవచ్చు. మూర్ఛ రోగులకు ఇచ్చే ఫెనిటోయిన్, రక్తపోటుకు ఇచ్చే ప్రొప్రనొలాల్, ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ పైపరిన్‌తో కలిసినప్పుడు రక్తంలో మోతాదు పెరిగినట్లు పరిశోధనలు చూపాయి. డాక్టరు గారు రోగి బరువును, పరీక్షలను చూసి సరిచేసిన మోతాదు ఇంట్లో తెలియకుండానే మారిపోతుందన్నమాట. ఫెనిటోయిన్ ఎక్కువైతే రోగి మత్తుగా ఉంటాడు, నడకలో తూలుతాడు, చూపు తిరుగుతుంది. ఇంట్లోవారు దానిని జబ్బు ముదిరిందని అనుకుంటారు.

ఇతర దేశాల అనుభవాలు కూడా గమనించదగినవి. 2018లో న్యూజీలాండ్ ప్రభుత్వ మందుల సంస్థ, రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వాడుతున్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత రక్తం ప్రమాదకరంగా పలచబడిందని హెచ్చరించింది. 2019లో ఇటలీలో, 2023లో ఆస్ట్రేలియాలో పసుపు మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతిని అక్కడి ప్రభుత్వ సంస్థలు ప్రకటించాయి. ఇలాంటివి అరుదుగానే జరుగుతాయి. కాని ఇప్పటికే కాలేయం మీద భారం ఉన్న రోగి విషయంలో అరుదు అని ఊరుకోలేము.

ముఖ్యంగా క్షయ మందులు వాడేవారి ఇళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్ మందులే ఒక్కొక్కరికి కాలేయానికి ఇబ్బంది కలిగించవచ్చు. వాటితో పాటు పసుపు క్యాప్సూళ్లు కూడా వేస్తే, కళ్లు పచ్చబడినప్పుడు కారణం ఏదో తెలియదు. ప్రాణాన్ని నిలిపే క్షయ మందును అనవసరంగా ఆపవలసిన పరిస్థితి వస్తుంది.

కూరలో పసుపు, క్యాప్సూలులో పసుపు

ఇదంతా చదివి వంటలో పసుపు వేయడం మానవలసిన పని లేదు. లెక్క చూడండి. ఒక చెంచా పసుపు సుమారు 3 గ్రాములు అనుకుంటే, అందులో కర్క్యుమిన్ 0.1 గ్రాముకు మించి ఉండదు. అది కూడా ఇంటిల్లిపాది పంచుకునే కూరలో పడుతుంది. 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఉన్న ఒక్క క్యాప్సూలు, సుమారు 16 గ్రాముల పసుపుతో, అంటే 5 చెంచాలకు పైగా పసుపుతో సమానం. రోజుకు రెండు వేసుకుంటే 10 చెంచాలు. కూరలోని పసుపు ఆహారం. క్యాప్సూలులోని పసుపును మాత్రం మందుగానే లెక్కించాలి.

మరొక మాట. క్యాన్సర్ రోగుల కుటుంబాల వారు "పసుపుతో తగ్గిందట" అన్న మాటలు విని చికిత్స ఆపకూడదు. గాజు పాత్రలోని కణాలకు కర్క్యుమిన్ నేరుగా అందుతుంది. రోగి ఒంట్లోని గడ్డకు అలా అందదు అన్న సంగతి మీరు పైన చదివారు. మొక్కల మందులంటే మాకు చిన్నచూపు లేదు. బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ రక్త క్యాన్సర్ ఉన్న ఎందరో పిల్లలకు ప్రాణదానం చేసింది. అయితే దానిని ఆకు రసంగా ఇవ్వరు. శుద్ధిచేసి, నీటిలో కరిగే లవణంగా మార్చి, కొలిచిన మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. సృష్టికర్త మొక్కలో ఉంచిన గుణం రోగికి చేరడానికి మనిషి శ్రమ, జ్ఞానం కూడా కావాలి.

మీరు చేయవలసినవి

1. రోగికి ఇస్తున్న ప్రతి పసరు, చూర్ణం, క్యాప్సూలు పేరు డాక్టరు గారికి గాని సిస్టరుకు గాని చెప్పండి. కోప్పడతారని దాచవద్దు. డబ్బాను వెంట తీసుకురండి.

2. డబ్బా మీద పైపరిన్ లేదా మిరియాల సారం అని ఉన్నదేమో చదవండి. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి.

3. మూర్ఛ, క్షయ, గుండె జబ్బు మందులు గాని, రక్తం పలచబడే మందులు గాని వాడుతున్న రోగికి అడగకుండా పసుపు క్యాప్సూళ్లు మొదలుపెట్టవద్దు.

4. పిత్తాశయంలో రాళ్లు, కామెర్లు, కాలేయ వ్యాధి ఉన్నవారికి, త్వరలో ఆపరేషన్ ఉన్నవారికి ఇవి ఇవ్వవద్దు.

5. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్లంతా దురద, ఆకలి చచ్చిపోవడం, కడుపులో కుడివైపు నొప్పి కనిపిస్తే క్యాప్సూళ్లు ఆపి వెంటనే ఆస్పత్రికి రండి. డాక్టరు గారు రాసిన మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

6. మాత్రను విరవవచ్చా, పొడిచేయవచ్చా, ఆహారానికి ముందా తరువాతా అన్నది మందు ఇచ్చేచోటే అడిగి తెలుసుకోండి.

ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల ప్రాంతాల నుంచి వచ్చే కుటుంబాలు ఒక్కొక్క మాత్రనూ కష్టపడి సంపాదించిన డబ్బుతో కొంటాయి. పసుపు క్యాప్సూళ్ల డబ్బాకు పెట్టే ఖర్చుతో రోగికి గుడ్లు, పాలు, పప్పు కొని పెట్టవచ్చు. అవి సులభంగా ఒంటికి పడతాయి. కర్క్యుమిన్ కట్టుకున్న చేతులను విప్పే సురక్షితమైన మార్గాన్ని శాస్త్రజ్ఞులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆ పని వారికి వదిలి, రోగికి వేళకు మందు, వేళకు భోజనం, పక్కన ఒక మనిషి తోడు ఉండేలా మీరు చూసుకోండి. మీ రోగికి త్వరగా స్వస్థత కలగాలని ప్రభువును ప్రార్థిస్తున్నాము.